పాత చీర – చిన్న బొంత

ఆదిలాబాదు సీమలో పుష్యమాసపు రాత్రులు కఠినములు. ఉష్ణోగ్రత పలుమార్లు 10 డిగ్రీలకు దిగువకు పోవును. ఆ చలికి పేదయింటి సమాధానము బొంత. సంస్కృతమున దీనినే ‘కంథ’ యందురు. వంగదేశపు కాంథా కుట్టునకును ఆ మాటయే మూలము.

పసిబిడ్డకై కుట్టెడి చిన్న బొంతది వేరొక అందము. కరీంనగరు పల్లెలలో తీరికవేళ దానిని కుట్టుట ఒక వేడుక. పలుమార్లు ఉతికి మెత్తబడిన నూలుచీరలను పొరలుగా పరచి, చిరుగులను లోపలను, గట్టి భాగమును పైనను ఉంచి, అంచు మొదలుకొని వరుసలుగా కుట్లు వేయుదురు. కుట్లు దగ్గరగా పడినచో పొరలు జరుగవు. బొంత ఎన్ని ఉతుకులకైనను నిలుచును.

కాని పత్తికి పేరువడ్డ ఆ సీమలోనే నేడు ఇండ్లలో నూలుచీర అరుదగుచున్నది. సిరిసిల్ల మరమగ్గములపై అధికముగా నేయబడునది పాలిస్టరు బట్ట. అది చెమటను పీల్చదు. పాతబడినను నూలువలె మెత్తబడదు. కుట్టు తెలిసిన చేతులున్నను, బొంతకు గుడ్డ కరవగుచున్నది.

అమ్మమ్మ నూలుచీర పెట్టె అడుగున మిగిలియున్న యింటి విద్యార్థులు ఈ సెలవులలోనే సూది చేతబట్టుట మేలు. చీరయు, కుట్టు నేర్పు చేయియు ఒక్క యింటనున్నప్పుడే ఆ విద్య అబ్బును.