పాత కారు డిక్కీకి నీళ్ళు తాగని ఫ్లోర్: జీవామృతం క్యాన్లు మోసే బండికి చేసుకున్న ఏర్పాటు

పైన వీడియోలో చెక్క కోయడం, రెసిన్ పూయడం చూపించాను. వీడియోలో చెప్పడానికి టైం సరిపోని విషయాలు ఇక్కడ రాస్తున్నాను. వీడియో చూసి వెంటనే ప్లైవుడ్ షాపుకి వెళ్ళిపోకుండా ముందు ఇది ఒకసారి చదవండి.

మా బండి 2007 మోడల్ చిన్న కారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. పెద్దాపురం దగ్గర మా పొలం నుంచి వారానికి రెండు రోజులు కాకినాడకి ఆకుకూరలు, కూరగాయలు వేసుకెళ్తాం. మిగతా రోజుల్లో అదే డిక్కీలో 20 లీటర్ల క్యాన్లతో జీవామృతం, గోమూత్రం చుట్టుపక్కల రైతులకి ఇస్తాం. ట్రాలీ ఆటో కొనే స్తోమత ఇంకా రాలేదు. కాబట్టి ఈ కారు ఆగితే కాకినాడ ఆర్డర్లూ ఆగుతాయి.

మన సరుకు సంగతి మీకు తెలిసిందే. తోటకూర, పాలకూర కట్టలు వాడిపోకుండా తడి గోనె కప్పుతాం, ఆ నీళ్ళు దారంతా కారుతూనే ఉంటాయి. జీవామృతమేమో పులుస్తూ ఉంటుంది. మూత బిగిస్తే గ్యాస్‌కి క్యాన్ ఉబ్బుతుంది, వదులు చేస్తే గుంట వచ్చినప్పుడల్లా ఒలుకుతుంది. గోమూత్రంలో ఉప్పులు, అమ్మోనియా ఉంటాయి, ఇనుముకి అవి పడవు. కంపెనీ వాళ్ళు ఇచ్చే డిక్కీ ఫ్లోర్ అంటే నొక్కిన అట్టలాంటి బోర్డు, దానిమీద కార్పెట్. సూట్‌కేసులకి అది చాలు. తడి తగిలిందంటే అప్పడంలా ఉబ్బుతుంది, కింద ఉన్న రేకుని ఆరనివ్వదు.

కిందటి వానాకాలం ఇద్దరు ఖాతాదారులు ఒకే మాట అన్నారు: "కూర బాగుంది బాబూ, కానీ ఏదో వాసన". డిక్కీ మొత్తం విప్పితే స్టెప్నీ గుంటలో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళున్నాయి. పక్కన స్క్రూడ్రైవర్‌తో తడితే రేకు బిస్కెట్టులా ఊడింది, రూపాయి బిళ్ళంత చిల్లు. వాసన సంగతి అటుంచితే నాకు భయం వేసింది ఆ చిల్లు చూసే. డిక్కీ కిందే సైలెన్సర్ ఉంటుంది. ఫ్లోర్‌కి చిల్లు ఉంటే పొగ లోపలికి వచ్చే అవకాశం ఉంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు ఉండదు, వాసన ఉండదు. ఆదివారం వెనక సీట్లో మా పాప నిద్రపోతూ వస్తుంది.

చాలామంది ఈ పరిస్థితిలో మంచి మ్యాట్ కొని పైన పరిచేస్తారు. అది తుప్పు మీద దుప్పటి కప్పడమే. పొలంలో నీళ్ళు నిలబడితే ముందు ఏం చూస్తాం? నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయి, ఎటు పోవాలి అని చూస్తాం. తర్వాతే గట్టు వేస్తాం. కారుకీ అంతే.

నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయి

డిక్కీ ఖాళీ చేసి, గుడ్డతో తుడిచి, ఒక రోజు ఎండలో ఆరబెట్టండి. లోపల రేకు మీద, మూలల్లో ముగ్గుపిండి పలచగా చల్లండి. ఒక మనిషి టార్చి పట్టుకుని లోపల కూర్చోవాలి, డోర్ మూసేయాలి. ఇంకొకరు బయట నుంచి పైపుతో నీళ్ళు పట్టాలి. కింద నుంచి పైకి రావాలండి: ముందు బంపర్ దగ్గర, తర్వాత లైట్లు, తర్వాత అద్దం, చివరికి పైకప్పు. పైనుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడిసిపోయి ఏ సందు కారుతుందో తెలీదు. నీళ్ళు వచ్చిన చోట పిండి మీద చార పడుతుంది, దాన్ని పట్టుకుని పైకి వెళ్తే మూలం దొరుకుతుంది.

మా బండికి దొరికింది కుడివైపు వెనక లైటు. పాత ఓనర్ ఉన్నప్పుడు ఎవరో లైటు మార్చి, స్పాంజి గాస్కెట్ పెట్టకుండానే బిగించేశారు. డోర్ చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ కూడా ఒక చోట గట్టిపడి ఉంది. లైటుకి బ్యూటైల్ టేప్ వేశాం, బీడింగ్ కొత్తది మార్చాం.

ఇక్కడ ఒక్క మాట. సందులకి సిలికాన్ వాడేటప్పుడు ట్యూబు మీద న్యూట్రల్ క్యూర్ అని ఉందో లేదో చూసుకోండి. వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ అద్దాలకి బాగానే ఉంటుంది గానీ, ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, రేకుని తినేస్తుంది. బాడీ షాపుల్లో దొరికే పీయూ సీలెంట్ ఇంకా మంచిది.

రేకు పని

తుప్పు పట్టిన చోట వైర్ బ్రష్‌తో మెరిసే ఇనుము కనపడేదాకా గీకాలి. శబ్దం రాకుండా అతికించిన తారు షీట్లు ఎక్కడ లేచిపోయాయో అక్కడ పీకేయండి, వాటి కిందే నీళ్ళు దాక్కుంటాయి. చిల్లుకి ఎంసీల్ పెట్టి ఊరుకోవద్దు. మేం టింకరింగ్ ఆయనతో చుట్టూ మంచి రేకు వచ్చేదాకా కోయించి, 20 గేజి రేకు ముక్క వెల్డింగ్ పెట్టించాం. బ్యాటరీ వైరు తీయించాం, వెనక సీటు, కార్పెట్ బయట పెట్టించాం. పెట్రోల్ ట్యాంకు ఆ దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి ఇంటి దగ్గర చిన్న మెషిన్‌తో చేసే పని కాదిది. తుప్పు షాకబ్జార్బర్ బిగించే చోట గానీ, పొడుగ్గా వెళ్ళే ఛాసిస్ బద్దీల్లో గానీ ఉంటే ఫ్లోర్ సంగతి తర్వాత, ముందు బండిని నమ్మకమైన బాడీ షాపుకి చూపించండి.

గీకాక మిగిలిన గరుకు తుప్పు మీద రస్ట్ కన్వర్టర్ పూస్తే నల్లబడుతుంది. బాగా ఆరాక ఎపాక్సీ ప్రైమరు, అతుకుల మీద సీలెంట్, పైన రెండు కోట్లు పెయింటు. స్టెప్నీ గుంట అడుగున రబ్బరు బిరడా ఉంటుంది, అది పోతే కొత్తది పెట్టండి. సీలెంట్‌తో శాశ్వతంగా మూసేయొద్దు. రేపు ఏదన్నా ఒలికితే పోవడానికి అదొక్కటే తూము.

చెక్క ఫ్లోర్

WPC బోర్డు నీళ్ళు తాగదు నిజమే, కానీ మధ్యలో ఆధారం లేకుండా 20 కిలోల క్యాన్లు నాలుగు పెడితే ఎండాకాలం కుంగుతుంది. అల్యూమినియం రేకు మోత మోగుతుంది. నేను తీసుకున్నది 12 ఎంఎం బీడబ్ల్యూపీ ప్లైవుడ్, దానిమీద ఐఎస్ 710 అని ముద్ర ఉంటుంది. ఎంఆర్ గ్రేడ్ చవగ్గా ఇస్తారు, అది ఇంట్లో అలమారాలకి. ఎనిమిది చదరపు అడుగులు సరిపోయింది, బరువు ఆరేడు కిలోలు.

ముందు ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెతో ప్యాట్రన్ కోసుకోండి. చుట్టూ 5 ఎంఎం ఖాళీ ఉంచాలి. ఒకే ముక్కగా కోస్తే డోర్‌లోంచి లోపలికి దూరదు. పైగా పంక్చర్ పడితే సరుకంతా రోడ్డు మీద దింపాలి. రెండు ముక్కలు చేసి, వెనక ముక్క ఎత్తితే స్టెప్నీ వచ్చేలా పెట్టుకున్నాం.

ప్లైవుడ్ నీళ్ళు తాగేది ముఖం నుంచి కాదు, అంచుల నుంచి. కాకినాడ హార్బర్ దగ్గర ఫైబర్ బోట్లు బాగుచేసే ఒక పెద్దాయన్ని అడిగితే ఆయన చెప్పిందీ అదే. "అంచు తాగినంత తాగనియ్యి, అది వద్దనేదాకా పూయి". ఎపాక్సీ రెసిన్ మూడు కోట్లు వేశాం, రెండు ముఖాలకీ, అంచులకి అదనంగా ఒకటి. బోట్ల పనిలో వాడే పాలిస్టర్ రెసిన్ చవకే, కానీ చెక్కని ఎపాక్సీ అంత గట్టిగా పట్టుకోదు. కోటుకీ కోటుకీ మధ్య ఎమిరీ పేపర్ వేయాలి. ముసురు రోజున ఈ పని పెట్టుకోవద్దు, పైన జిడ్డు పొర కడుతుంది. గ్లౌజులు తప్పనిసరి, ఆరుబయట చేయండి.

బోల్టు చిల్లుల సంగతి వీడియోలో సరిగా కనపడలేదు. కావలసిన దానికంటే పెద్ద చిల్లు వేసి, రెసిన్‌తో నింపి, ఆరాక మధ్యలో అసలు సైజు చిల్లు వేయాలి. అప్పుడు బోల్టు చుట్టూ ఉండేది రెసినే, చెక్క కాదు. పైన ఎపాక్సీకి ఎండ పడదు కాబట్టి ఒక కోటు పెయింటు.

చెక్క కింద పాత ట్యూబు ముక్కలు మడతపెట్టి అతికించాం. గాలి ఆడుతుంది, గడగడ శబ్దం ఉండదు. సీటు వైపు ఒక మడత ఎక్కువ వేశాం, దాంతో ఒలికినది డోర్ వైపు వచ్చి నా కంటపడుతుంది. ఫ్లోర్‌ని కారు రేకుకి బిగించడానికి కొత్త చిల్లులు వేయలేదు, పాత హుక్కులకే పట్టీలతో కట్టాం.

చివర్లో పైన సిల్పాలిన్ పట్టా. వర్మీ బెడ్‌కి వాడే 250 జీఎస్ఎం ముక్క మిగిలి ఉంది. మూలలు కత్తిరించకుండా అడ్డాకు దొప్ప కుట్టినట్టు మడిచి, రెండంగుళాల అంచు నిలబెట్టాం. కత్తిరిస్తే అక్కడే కారుతుంది. క్యాన్లు దానిమీద ప్లాస్టిక్ టబ్బులో నిలబెట్టి సీటు వైపుకి పట్టీ బిగిస్తాం. 20 లీటర్ల క్యాన్ సడన్ బ్రేకుకి ముందుకొస్తే చిన్న విషయం కాదు. కూరగాయల రోజున ఆ టబ్బు ఇంటి దగ్గరే ఉంటుంది. పట్టా కూడా వేరేది, మార్కర్‌తో దానిమీద "కూర" అని రాసి పెట్టాం.

వెల్డింగ్‌తో కలిపి ఐదు వేల లోపు అయింది, ఎక్కువ పోయింది ఎపాక్సీకి, వెల్డింగ్‌కే. రోజుల లెక్కన నాలుగు రోజులు, అందులో రెండు రోజులు ఆరడానికే. ఈ వానాకాలం మూడు నెలలు దాటాయి. స్టెప్నీ గుంటలో పాత న్యూస్‌పేపర్ ఒకటి పరిచి ఉంచుతాను, ప్రతి ఆదివారం ముట్టుకుని చూస్తాను. ఇప్పటిదాకా ఒక్కసారే తడిగా తగిలింది, అదీ ఎడమ వైపు లైటు నుంచి. దానికీ బ్యూటైల్ టేప్ వేసేశాం.