ఒకే ధర, ఒకే మాట: వానమేకర్ దుకాణం చెప్పే సంగతి

ఫిలదెల్ఫియ అనగానే మన పాఠకులకు ప్రకటన గ్రంథంలోని సంఘం గుర్తుకొస్తుంది. అదే పేరున్న అమెరికా నగరం ఫిలడెల్ఫియాలో 2025 మార్చిలో ఒక పెద్ద దుకాణం మూతపడింది. అప్పటికి దాని బోర్డు మీదున్న పేరు మేసీస్. ఊరివారికి మాత్రం అది ఇప్పటికీ వానమేకర్ భవనమే. ఆ పేరుగల మనిషి పేరుపొందిన వ్యాపారి, సండే స్కూలు సూపరింటెండెంటు కూడా. ఆయన దుకాణం ఎలా పెరిగిందో, ఎలా పోయిందో తెలుసుకోవడం మనకు మేలు.

జాన్ వానమేకర్ 1838లో ఇటుకలు చేసేవారి ఇంట పుట్టారు. చిన్న వయసులోనే పనిలో చేరారు. యౌవనంలో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా జీతానికి పనిచేశారు. 1858లో నగరంలోని ఒక పేద పేటలో బేతని సండే స్కూలు మొదలుపెట్టారు. 1861లో, అమెరికా అంతర్యుద్ధం మొదలవుతున్న రోజుల్లో, బావమరిది నేథన్ బ్రౌన్‌తో కలిసి మగవారి బట్టల కొట్టు తెరిచారు.

అప్పట్లో చాలా కొట్లలో సరుకు మీద ధర ఉండేది కాదు. మన సంతల్లో లాగానే బేరం నడిచేది. మాటకారి తక్కువకు కొనుక్కునేవాడు, నోరులేనివాడు మోసపోయేవాడు. అమ్మిన వస్తువు తిరిగి తీసుకునే ప్రసక్తే లేదు. వానమేకర్ ప్రతి వస్తువుకూ ఒకే ధర రాసిపెట్టారు. నచ్చకపోతే తిరిగి తెండి, డబ్బు వాపసు ఇస్తామని పత్రికల్లో ప్రకటించారు. ఇది ఆయన కనిపెట్టిన పద్ధతి కాదు. క్వేకర్ వర్తకులు, న్యూయార్క్‌లో స్టూవర్ట్ అనే వ్యాపారి అంతకుముందే ఒకే ధరకు అమ్మేవారు. అయితే దాన్ని అందరి ముందూ మాటగా ఇచ్చి, పెద్ద ఎత్తున నిలబెట్టుకున్నది వానమేకర్. దొంగ త్రాసును గూర్చి సామెతల గ్రంథం చెప్పేది ఆయన కొట్టులో ధర చీటీగా మారిందని మేము అనుకుంటాం. పసిపిల్లవాడు వచ్చినా, పెద్ద అధికారి వచ్చినా అదే ధర.

1875లో ఆయన పాడుబడిన రైల్వే గూడ్సు షెడ్డు ఒకటి కొన్నారు. వెంటనే దుకాణం పెట్టలేదు. ముందుగా మూడీ, శాంకీల సువార్త కూటాలకు ఇచ్చారు. వేలమంది అక్కడ వాక్యం విన్నారు. 1876లో అదే షెడ్డులో దుకాణం తెరుచుకుంది. తర్వాత అదే స్థలంలో డేనియల్ బర్న్‌హామ్ రూపొందించిన పన్నెండంతస్తుల భవనం లేచింది. 1911లో అధ్యక్షుడు టాఫ్ట్ వచ్చి దాన్ని ప్రతిష్ఠించారు. మధ్య హాలులో కంచు పక్షిరాజు, పైన 28,000కు పైగా గొట్టాలున్న ఆర్గన్. ఊరి జనం ఆ పక్షిరాజు దగ్గర కలుసుకునేవారు. ఆదివారం మాత్రం దుకాణం మూసే ఉండేది. ఆదివారపు పత్రికలో ప్రకటన కూడా ఇచ్చేవారు కాదు.

ఆయనలో లోపాలు లేవని చెప్పడం లేదు. 1889 నుండి 1893 వరకు ఆయన అమెరికా పోస్ట్‌మాస్టర్ జనరల్, అంటే మన లెక్కలో తపాలా మంత్రి. ఆ కాలంలో వేలాది పోస్టుమాస్టర్లను తీసేసి తన పార్టీవారిని నింపారన్న విమర్శ న్యాయమైనదే. ఒకే ధర అన్న మనిషి అక్కడ పక్షపాతం చూపారు. భక్తుల కథల్లో ఇలాంటివి దాచకూడదు.

ఆయన డబ్బు మన దగ్గరికీ వచ్చింది. 1890లో మద్రాసుకు వై.ఎం.సి.ఎ. పని మీద వచ్చిన డేవిడ్ మెకానహీ అంతకుముందు ఫిలడెల్ఫియాలో పనిచేసినవారే. ఆయన ద్వారా వానమేకర్ ఇచ్చిన కానుకతో హైకోర్టు ఎదుట ఎర్రటి వై.ఎం.సి.ఎ. భవనం 1900 నాటికి పూర్తయింది. అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. చదువుకోసం, ఉద్యోగం కోసం తెలుగు యువకులు చేరే నగరం అదే.

మరి దుకాణం ఎందుకు పడిపోయింది? వానమేకర్ 1922లో, కొడుకు రాడ్‌మన్ 1928లో చనిపోయారు. ఆస్తి ట్రస్టు చేతికి వెళ్లింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జనం కార్లు కొని నగరం బయట స్థిరపడ్డారు. మాల్‌లు అక్కడే వెలిశాయి. తక్కువ ధరల దుకాణాలు వచ్చాయి. ఒకే ధర, డబ్బు వాపసు అన్నవి అన్నిచోట్లా మామూలైపోయాయి కాబట్టి ప్రత్యేకంగా ఇక్కడికే రావలసిన అవసరం లేకపోయింది. 1978లో కుటుంబం దుకాణాన్ని అమ్మేసింది. చేతులు మారింది, అప్పులు మీదపడ్డాయి, దివాలా వచ్చింది. 1995లో మరో కంపెనీ కొని వానమేకర్ పేరు తీసేసింది. చివరికి ఫోన్‌లో నొక్కితే సరుకు ఇంటికొచ్చే కాలం వచ్చింది. తపాలా ద్వారా పార్శిళ్లు ఇంటికే చేరాలని ఆనాడు గట్టిగా వాదించినవారిలో వానమేకర్ ఒకరు కావడం విశేషం.

భవనం మీది పేరు పోయింది. ఆయన పట్టుకున్న నియమం మాత్రం, ఆయనెవరో తెలియని మన ఊరి బట్టల కొట్టులో కూడా ధర చీటీగా వేలాడుతోంది. నిలిచేదేదో, నిలవనిదేదో ఇక్కడే తెలుస్తుంది.

ఇక్కడ సేవకులమైన మేము ఒక మాట ఒప్పుకోవాలి. మందిర నిర్మాణానికి పెద్ద కానుక వస్తే దాత పేరు శిలాఫలకం మీద చెక్కిస్తాం. ఆ డబ్బు ఏ తూకంతో వచ్చింది, కూలీలకు జీతం సరిగా అందిందా అని అడగడానికి నోరు రాదు. ఆదివారం ముందు వరుసలో కూర్చున్నవారి సోమవారపు త్రాసు గూర్చి ప్రసంగించడానికి జంకుతాం. మద్రాసు భవనానికి వచ్చిన కానుకకు విలువ తెచ్చింది దాని మొత్తం ఒక్కటే కాదు, అది వచ్చిన కొట్టు.

మన సంఘాల్లో కిరాణా కొట్టు నడిపేవారున్నారు, ఎరువులు అమ్మేవారున్నారు, కాంట్రాక్టులు చేసేవారున్నారు. అక్షరం రాని రైతుకూ, మీ పాస్టరుగారికీ అదే ధర, అదే తూకం ఇవ్వండి. మీరిచ్చే కానుక కంటే ముందు సంఘం మీ నుండి కోరవలసింది అదే. అది కోరే ధైర్యం ప్రభువు మా సేవకులకు దయచేయును గాక.