సోఫా పక్కకు పాత బల్ల

సోఫా చేతి పక్కన వేసుకునే చిన్న బల్లను ఎండ్ టేబుల్ అనీ, సైడ్ టేబుల్ అనీ అంటారు. టీ కప్పు, కళ్లజోడు, దినపత్రిక, ఒక టేబుల్ ల్యాంపు పడితే చాలు, దాని పని తీరినట్టే. ఇందుకోసం పాతకాలపు బల్లను ఎంచుకునేవారు రెండు విషయాలు తేల్చుకోవాలి. అది తమ సోఫాకు కుదురుతుందా? దానికి చెబుతున్న వయసు నిజమేనా?

కనీసం నూరేళ్లు నిండిన వస్తువును యాంటిక్‌గా లెక్కగట్టడం వ్యాపారంలో వాడుక. అమెరికా కస్టమ్స్ నిబంధనల్లోనూ, మన దేశంలో 1972లో వచ్చిన పురావస్తువుల చట్టంలోనూ ఇదే కొలత. అంత పాతవి కాకపోయినా, ఒక కాలపు తీరును స్పష్టంగా చూపించేవి వింటేజ్. వీటికి చట్టం గీసిన గీతేమీ లేదు. 1930ల నాటి ఆర్ట్ డెకో బల్లలు, 1950లు, 60లలో వచ్చిన సన్నటి ఏటవాలు కాళ్ల టేకు బల్లలు ఈ కోవలోవి.

వేరే పనికి పుట్టిన బల్లలు

సోఫాకు అటొకటి, ఇటొకటి పొట్టి బల్ల వేసే అలవాటు 20వ శతాబ్దంలోనే స్థిరపడింది. అంతకుముందు యూరపు ఇళ్లలో చిన్న బల్లలను గోడవారగా ఉంచి, అవసరమైనప్పుడు మనుషులున్న చోటికి తెచ్చుకునేవారు. అందుకే ఇప్పుడు ఎండ్ టేబుల్‌గా అమ్ముడయ్యే అసలైన యాంటిక్‌లలో చాలావరకు వేరే పనికి చేసినవే.

మూడు కాళ్ల మీద నిలిచే గుండ్రటి టీ బల్లకు పైపలక నిలువుగా వాలుతుంది. పని అయ్యాక గోడకు చేర్చడానికి ఆ ఏర్పాటు. పెంబ్రోక్ బల్లకు రెండు వైపులా రెక్కలు కిందికి మడుచుకుంటాయి. ఒకదాని కింద ఒకటి దూరే జట్టు బల్లలు, మంచం పక్క అలమరలు, కుట్టుసామాను దాచుకునే సొరుగుల బల్లలు కూడా హాలుకు పనికొస్తాయి. మన దేశానివైతే ఇత్తడి తాపడం చేసిన సహారన్‌పూర్ బల్లలు, చెక్కుడు పనితో నిండిన కశ్మీరీ వాల్‌నట్ బల్లలు ఎక్కువగా దొరుకుతాయి. ఇత్తడి పట్టీలు కొట్టిన చిన్న టేకు పెట్టె కూడా సోఫా పక్కన చక్కగా ఒదుగుతుంది.

ముందు టేపు, తర్వాత బేరం

దుకాణానికి వెళ్లేముందే సోఫా చేతి ఎత్తు కొలవాలి. బల్ల పైభాగం దానికి సమానంగానో, ఒకటి రెండు అంగుళాలు తక్కువగానో ఉంటే కూర్చున్న మనిషికి కప్పు అందుకోవడం సుఖం. ఇప్పటి సోఫాల చేతులు చాలావరకు 22 నుంచి 26 అంగుళాల ఎత్తులో ఉంటాయి. పాత టీ బల్లలేమో నిటారు కుర్చీలకు తగ్గట్టు తరచు 27, 28 అంగుళాలు ఉంటాయి. పొట్టి సోఫా పక్కన అలాంటిది వేస్తే కప్పు కోసం మోచెయ్యి పైకెత్తాలి. దాన్ని ఎత్తయిన చెక్క కుర్చీ పక్కకు మార్చుకోవడం మేలు. కాళ్లు కోయిస్తే ఎత్తు కుదురుతుంది గానీ బల్ల విలువ పోతుంది. బల్ల లోతు సోఫా లోతును మించితే ముందుకు పొడుచుకొచ్చి నడిచేవాళ్ల మోకాళ్లకు తగులుతుంది. రెండు వైపులా ఒకేలాంటి బల్లలు ఉండాలనేం లేదు, ఎత్తులు దగ్గరగా ఉంటే చాలు.

పిల్లలున్న ఇంట్లో మూడు కాళ్ల బల్లను అంచు మీద నొక్కి చూడాలి. తేలిగ్గా ఒరిగిపోయేదైతే దాని మీద ల్యాంపు పెట్టడం ప్రమాదం.

వయసు అడుగున కనిపిస్తుంది

పైభాగానికి ఎన్నిసార్లయినా పాలిష్ పడి ఉండవచ్చు. అడుగుభాగం జోలికి ఎవరూ పెద్దగా పోరు. కాబట్టి బల్లను తిరగేసి చూడాలి. చేత్తో చిత్రిక పట్టిన చెక్క మీద వేళ్లు నడిపితే సన్నటి ఎత్తుపల్లాలు తెలుస్తాయి. గుండ్రటి యంత్రపు రంపం వంపు గీతలను వదులుతుంది, చేతి రంపం గీతలు దాదాపు తిన్నగా ఉంటాయి. సొరుగు మూలల్లో డవ్‌టెయిల్ జాయింట్లు కొద్దిగా హెచ్చుతగ్గులుగా ఉంటే చేతిపని. అన్నీ అచ్చు గుద్దినట్టుంటే యంత్రం పని. ప్లస్ గాడి స్క్రూలు 1930లలో వచ్చాయి. విక్టోరియా రాణి కాలం నాటిదని చెప్పే బల్లకు అవి కనిపిస్తే, కనీసం తర్వాత మరమ్మతు జరిగినట్టు లెక్క.

గుండ్రటి పలకకు ఇంకో పరీక్ష ఉంది. చెక్క నారవెంబడి దాదాపు కుదించుకుపోదు, నారకు అడ్డంగా కుదించుకుపోతుంది. ఏకాండి చెక్కతో చేసిన పాత పలకను రెండు దిక్కులా కొలిస్తే అడ్డపు కొలత సాధారణంగా కొన్ని మిల్లీమీటర్లు తక్కువ వస్తుంది. రెండూ అచ్చంగా సమానమైతే వయసు గురించి ఇంకా ఆరా తీయాలి. పలక ఒక బల్లదీ, కాళ్లు మరో బల్లవీ కావచ్చు. అడుగున వాడుకలో లేని పాత మేకు రంధ్రాలు, పొసగని రంగు ఆ సంగతి బయటపెడతాయి.

కర్ర, పురుగు, పాలిష్

టేకు చేవకు చెద తొందరగా పట్టదు. దాని చుట్టూ ఉండే తెల్లచెక్కకు ఆ రక్షణ లేదు. గుండుసూది తలంత రంధ్రాలు కనిపిస్తే బల్లను తెల్ల కాగితం మీద ఉంచి తట్టాలి. మెత్తటి పొడి రాలితే పురుగు ఇంకా లోపల ఉండే అవకాశం ఉంది. పురుగు వదిలేదాకా బల్లను మిగతా సామాను దగ్గరికి చేర్చకూడదు. కదిలే కాళ్లను చూసి భయపడక్కర్లేదు. కుసి వదులైతే వడ్రంగి బిగిస్తాడు. పుచ్చిన కాలుకు మాత్రం అంత తేలిక మందు లేదు.

పాత బల్లల మీద తరచు కనిపించేది స్పిరిట్‌లో లక్క కరిగించి గుడ్డతో రుద్దిన పాలిష్. కనపడని చోట స్పిరిట్‌లో తడిపిన దూది అద్దితే అది జిగటగా కరుగుతుంది. వేడి టీ గ్లాసు పెడితే దీని మీద తెల్లటి వలయం పడుతుంది కాబట్టి కింద ఏదైనా పరచాలి. మొత్తం గీకించి కొత్త వార్నిష్ వేయిస్తే దశాబ్దాల వాడకంతో వచ్చిన రంగు పోతుంది, దాంతోపాటు యాంటిక్ ధర కూడా తగ్గుతుంది. రంగు వేసిన పాత బల్లలకు ఇంకో జాగ్రత్త. పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి ఇంట్లో గీకకూడదు.

కొనే చోటు, చట్టం

హైదరాబాద్‌లో గురువారం సాగే జుమ్మెరాత్ బజార్, ముంబై చోర్ బజార్, కొచ్చిలోని మట్టాంచేరి పాత సామాన్లకు పేరున్న చోట్లు. చెట్టినాడు భవంతుల నుంచి వచ్చే బర్మా టేకు సామానుకు కారైకుడి ప్రసిద్ధి.

దంతపు పని ఉన్న బల్లను ఎంత పాతదని చెప్పినా కొనకపోవడమే మంచిది. మన దేశంలో ఏనుగు దంతం వ్యాపారంపై నిషేధం ఉంది. నూరేళ్లు దాటి పురావస్తువు నిర్వచనంలోకి వచ్చేవాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. జిట్రేగి, అంటే రోజ్‌వుడ్, 2017 నుంచి అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ జాబితాలో ఉంది. అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న ఇంటికి పంపదలచినవారు డబ్బు చెల్లించకముందే అనుమతుల సంగతి తేల్చుకోవాలి.

ధర విషయంలో అసలు భాగాలతో, అసలు పాలిష్‌తో ఉన్న బల్లది మొదటి స్థానం. శ్రద్ధగా మరమ్మతు చేసినది తర్వాత. గీకి కొత్త పాలిష్ వేసినది ఆపైన, వేర్వేరు బల్లల ముక్కలు అతికించినది చివర. రోజూ వాడుకోవడానికే అయితే బాగా మరమ్మతు చేసిన వింటేజ్ బల్ల సరిపోతుంది. యాంటిక్ ధర చెల్లించేటప్పుడు మాత్రం వయసు, కర్ర పేరు, చేసిన మరమ్మతులు బిల్లు మీద రాయించుకోవాలి.