రాత్రి రైలుకు పిల్లలతో...

హట్టిలో బంగారు గని ఉంది కానీ రైల్వే స్టేషన్ లేదు. రైలెక్కాలంటే 70-80 కిలోమీటర్లు ప్రయాణించి రాయచూరు చేరాలి. 1871లో బొంబాయి వైపు పట్టాలు, మద్రాసు వైపు పట్టాలు కలిసింది అక్కడే. దసరా సెలవులొస్తే మన బడుల పిల్లలు అమ్మమ్మ ఊరికి బయల్దేరేది కూడా ఎక్కువగా అక్కడి నుంచే. సాయంత్రం బస్సు దిగి, ప్లాట్‌ఫాం మీద కునికిపాట్లు పడుతూ రాత్రి రైలు కోసం కూర్చుంటాం.

క్రితంసారి మా ఇంట్లో జరిగింది చెబుతాను. రైలు ఆగింది. నేను ముందు పెట్టెలు ఎక్కించాను. మా ఆవిడ చిన్నవాడిని ఎత్తుకుని ఎక్కింది. ఆరేళ్ల పాప కింద నా చొక్కా పట్టుకుని నిలబడి ఉండగానే బండి కదిలింది. తలుపు దగ్గరున్న పెద్దాయన ఒకరు పాపను లోపలికి లాక్కున్నారు కాబట్టి సరిపోయింది. తప్పు నాదే. రెండు మూడు నిమిషాలు ఆగే బండికి ముందు సామాను ఎక్కించాను.

ఇప్పుడు మా పద్ధతి మారింది. ముందు ఒక పెద్దవాళ్లు ఎక్కాలి, పిల్లల్ని కింది నుంచి అందించాలి, సామాను చివర. గనిలో షిఫ్టు ఉండి నాన్న రాలేకపోతే, తల్లి ఒక్కతే మూడు సంచులతో బయల్దేరకూడదు. భుజానికి ఒక్కటి చాలు. రైలు వేళకు అరగంట ముందే పిల్లల్ని నిద్రలేపి, బాత్‌రూంకు తీసుకెళ్లి, చెప్పులు వేయించాలి. నిద్రపోయే పిల్ల రెండింతల బరువు!

టిక్కెట్టు దగ్గర పొరపాటు పడేది తేదీలో. 10వ తేదీ రాత్రి భోంచేసి బయల్దేరి 12.40కి రైలెక్కుతారా? అయితే టిక్కెట్టు 11వ తేదీకి ఉండాలి. 10కి తీసుకుంటే ఆ రైలు ముందు రాత్రే వెళ్లిపోయినట్టు. ఐదేళ్లలోపు పిల్లలకు బెర్తు అడగకపోతే టిక్కెట్టు అక్కర్లేదు. ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు వాళ్లకు బెర్తు కావాలంటే 2016 నుంచి పూర్తి చార్జీ, వద్దంటే సగం. సగం డబ్బు మిగులుతుందని ఎనిమిదేళ్ల పిల్లాడిని పక్కన పడుకోబెట్టుకుంటే తెల్లవార్లూ ఇద్దరికీ నిద్ర ఉండదు. స్లీపర్‌లో 1, 4, 9, 12 ఇలా వచ్చేవి కింది బెర్తులు. చిన్నపిల్లను గోడవైపు పడుకోబెట్టండి.

పిల్ల కింద ఉండిపోయి బండి కదిలితే గొలుసు లాగడానికి వెనకాడొద్దు. సరైన కారణం లేకుండా లాగితేనే శిక్ష. 139కి ఫోన్ చేయండి. పిల్లలకు మాత్రం ముందే చెప్పాలి: బండి వెంట పరిగెత్తొద్దు, ఉన్నచోటే నిలబడు, యూనిఫాంలో ఉన్న పోలీసుకు చెప్పు.

ఏం చెప్పాలి? తన పేరు, అమ్మానాన్నల పేర్లు, ఊరు, ఫోన్ నంబరు. అడిగేవాళ్లు కన్నడంలో అడగొచ్చు, హిందీలో అడగొచ్చు. అందుకే మా బడిలో రెండో తరగతికి ఇవి తెలుగులోనూ కన్నడంలోనూ చెప్పించడం ఈ వారమే మొదలుపెట్టాం. మీ నాన్న పేరేమిటని అడిగితే సగం మంది చెప్పిన జవాబు, "నాన్న".