పీనసము: నేటి పరిశోధనలు

‘పడిశము పది రోగముల పెట్టు’ అని మన పెద్దలు చెప్పుదురు. మందు పుచ్చుకొన్నచో వారము, పుచ్చుకొననిచో ఏడు దినములు అను పరిహాసోక్తియు మనకు గలదు. వారములో పోవు పడిశమును గూర్చి నవ్వుకొనవచ్చును గాని, మూడు మాసములు గడచినను ముక్కును విడువని పడిశమును గూర్చి నవ్వుట తగదు. ప్రాచీన వైద్యగ్రంథములు పీనసమనియు, దుష్టప్రతిశ్యాయమనియు పేర్కొన్న యీ వ్యాధికి దగ్గరగా నున్నదానినే నేటి వైద్యులు దీర్ఘకాలపు సైనసైటిస్ అనుచున్నారు.

మేమిది వ్రాయబూనుటకు కారణ మొకటి గలదు. మా అంబర్‌పేటలో పొరుగింటి యిల్లాలొకతె, పొయ్యిమీద పాలు మాడిపోవుచుండగా ప్రక్కగదిలో కూర్చుండియు ఎరుగదయ్యెను. ఆమెకు వాసన తెలియుట మాని అప్పటికి రెండేండ్లు. ఆ సంగతి నెవరికిని చెప్పలేదు. కూరలో ఇంగువ మించినదని భర్తయు, పెరుగు పులిసినదని అత్తగారును అనుచుండగా, తన వంటచేతికే గ్రహణము పట్టినదని లోలోపల కుములుచుండెను. పాలు మాడుట స్వల్పనష్టము. గ్యాసు కారియుండినచో నేమి కావలసినది!

ముక్కనగా రెండు రంధ్రములు మాత్రమే యని మన మనుకొందుము. దానిచుట్టును ముఖపుటెముకలలో నాలుగు జతల గాలిగదులు గలవు. చెక్కిళ్ల వెనుక నొక జత, నొసట నొక జత, కన్నుల నడుమ తేనెపట్టువలె చిన్న యరలుగా నొక జత, తలలోపల లోతున నొక జత. వీని గోడలకు పలుచని తడిపొరయు, ఆ పొరపై కంటికి గానరాని నూగును ఉండును. ఆ నూగు ఎడతెగక కదలుచు చీమిడిని, దానియందు చిక్కిన దుమ్మును, క్రిములను గది ద్వారమువైపునకు ఊడ్చుచుండును. మనము దినమునకు రెండుమార్లు ఇల్లూడ్చి అలసిపోవుదుము. ఇది రేయింబవళ్లు ఊడ్చును. ద్వారము వాచి మూసికొన్నచో ఊడ్చిన చెత్త వాకిటనే పేరుకొనును. ముక్కు దిబ్బడ, చీమిడి కారుట లేక గొంతులోనికి జారుట, ముఖము బరువెక్కి నొచ్చుట, వాసన తెలియకుండుట అను లక్షణములలో మొదటి రెంటిలో నొకటియు, దానితోపాటు మరియొకటియు 12 వారములకు తగ్గక యున్నచో దీర్ఘవ్యాధిగ నెంచుదురు. తలనొప్పి మాత్రమే యుండి ముక్కు శుభ్రముగ నున్నచో అది తరచుగ సైనసు నొప్పి కాదు, పార్శ్వపు నొప్పియే. ఈ పొరపాటున ఏండ్ల తరబడి వేరు మందులు మ్రింగువారు పెక్కుమంది.

ఈ వ్యాధికి దుమ్ము, పొగ, పుప్పొడి తోడగును. గోల్నాకనుండి అంబర్‌పేట మీదుగా వంతెన కట్టుచున్న యేండ్లలో, 2025లో అది తెరవబడువరకు, మా వీథులవారు త్రాగిన దుమ్మింతింత కాదు. అయినను నేరమంతయు వీథి మీదనే త్రోయరాదు. దోమల చుట్ట, అగరువత్తి, పోపు పొగ మన యింటిలోనివే గదా.

చికిత్స కథ విచిత్రమైనది. 1893లో అమెరికాలో కాల్డ్‌వెల్, 1897లో పారిసులో లూక్ అను వైద్యులు, పై పెదవినెత్తి చిగురుపై ఎముకకు తూటు పెట్టి, చెక్కిలి గదిలోని చెడిన పొరను గీకివేయు పద్ధతిని తెలిపిరి. చీమిడి కారిపోవుటకు ముక్కులోనికి అడుగున నొక క్రొత్త ద్వారమును తెరచెడివారు. అర్ధశతాబ్దికి మించి ఇదియే సాగినది. నీరు పల్లమెరుగును గదా యని వారి లెక్క. కాని ఆస్ట్రియా దేశమున గ్రాజ్ నగరపు వైద్యుడు మెసర్‌క్లింగర్ సన్నని దర్శినిని ముక్కులోనికి పంపి చూడగా, చీమిడి ఆ క్రొత్త తూటును విడిచి, మీదికెక్కి, పాత ద్వారమునకే పోవుచుండెను! ఎన్ని దొడ్లు కట్టినను తన పాత కొట్టమునకే చేరు ఆవును తలచుకొనుడు. కావున పొరను గీకక, సహజద్వారమును తెరచినచో చాలునని తేలెను. 1985 ప్రాంతమున స్టామ్‌బర్గర్, కెనడీ అనువా రీ పద్ధతిని లోకమున వ్యాపింపజేసిరి. నేడు ముఖముపై గాటు లేకుండ ముక్కులోనుండియే చేయుచున్న శస్త్రచికిత్స యిదియే.

మందుల సంగతి ఇంత సులభముగ తేలలేదు. 1999లో అమెరికాలోని మేయో వైద్యశాలవారు 210 మంది రోగుల చీమిడిని పరీక్షింపగా నూటికి 96 మందిలో బూజు కనబడినది. వ్యాధికి మూలము బూజే యని వారు ప్రకటింపగా పెద్ద కలకలము పుట్టెను. అయితే వారు పరీక్షించిన ఆరోగ్యవంతుల ముక్కులయందును బూజున్నది! తరువాత ఐరోపాలో నూరుమందికి పైగా రోగులకు బూజును చంపు ఆంఫోటెరిసిన్ మందుతో ముక్కు కడిగించి, ఉత్తనీటితో కడుగుకొన్నవారితో పోల్చిచూడగా 2006లో భేదమేమియు లేదని తేలినది. బూజు ఇంటనున్నంత మాత్రమున దొంగ అదియే కానక్కరలేదు.

ఇచట మన యాంధ్రుని పేరొకటి చెప్పవలసియున్నది. 1895లో భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమునకు అధిపతిగ నుండగా, అచట పనిచేయుచున్న డగ్గర్ అను వృద్ధశాస్త్రజ్ఞుడు 1945లో మట్టిలోని బంగరురంగు క్రిమినుండి ఆరియోమైసిన్ అను మందును సాధించెను. అది 1948లో వెలువడిన కొలదికాలమునకే, ఆగస్టు నెలలో సుబ్బారావుగారు కాలధర్మము నొందిరి. టెట్రాసైక్లిన్ కుటుంబమున కది పెద్దబిడ్డ. ఆ కుటుంబములోని డాక్సీసైక్లిన్‌ను ముక్కులో కండ పెరిగినవారికి 20 దినము లిచ్చి చూడగా, కండ కొంత తగ్గినదని 2010లో బెల్జియము వైద్యులు తెలిపిరి. కొంతయే సుమా, దానితో వ్యాధి వదలినదని కాదు.

మాసముల తరబడి క్రిమిసంహార మాత్రలు మ్రింగుట మేలా, శస్త్రము మేలా యను ప్రశ్నకు ఇంగ్లండులో ఐదువందలకు పైగా రోగులను మూడు తెగలుగా విభజించి పరీక్షించిరి. 2025లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఫలితములనుబట్టి, ఆరు మాసములకు శస్త్రము చేయించుకొన్నవారు ఎక్కువ సుఖపడిరి. మూడు మాసములు క్లారిత్రోమైసిన్ పుచ్చుకొన్నవారికి ఉత్తుత్తి మాత్ర పుచ్చుకొన్నవారికంటె కలిగిన మేలు లేదు. దుకాణమున చీటీ లేకయే ఇట్టి మాత్రలు కొనితెచ్చుకొను అలవాటు మనలో నెంతగలదో చెప్పనక్కరలేదు. కండ మరల మరల పెరుగువారికి, దేహమందలి వాపును రేపు సంకేతములను అడ్డగించు డుపిలుమాబ్ అను సూదిమందును 2019లో అమెరికా ప్రభుత్వ మంగీకరించినది. అది గుణకారియే గాని, దాని వెల సామాన్య గృహస్థునకు అందునది కాదు.

అందుబాటులో నున్నది ఉప్పునీరు. 2016లో ఇంగ్లండున ఎనిమిది వందలకు పైగా రోగులపై జరిగిన పరీక్షలో ముక్కు కడుగుకొన్నవారికి కొంత మేలు కనబడినది. ఆవిరి పట్టినవారికి తలనొప్పి కొంత తగ్గుట తప్ప వేరు లాభము లేదు. మనమందరము పసుపువేసిన ఆవిరిని నమ్మినవారమే. కాని మరుగునీటి గిన్నె ఒడిపై నొలికి బిడ్డలు కాలిన ఉదంతములు వినినపిదప, పిల్లలకు ఆవిరి పట్టించుట మేము మానితిమి.

ముక్కు కడుగుటకు కళపెళ కాచి చల్లార్చిన గోరువెచ్చని నీరే వాడవలయును. పావులీటరు నీటికి అరచెంచా అయోడిన్ కలపని ఉప్పు, చిటికెడు వంటసోడా చాలును. కాచని కుళాయినీటితో ముక్కు కడుగుకొన్న యిద్దరు 2011లో అమెరికాలోని లూసియానాలో, ముక్కుగుండా మెదడున కెక్కిన అమీబా వలన మరణించిరి. త్రాగినచో ఏమియు చేయని ఆ క్రిమి, ముక్కునుండి ఎక్కినచో ప్రాణము తీయును. వైద్యుడు ముక్కున కొట్టుకొను స్టెరాయిడ్ మందు నిచ్చినచో, దాని మొనను నడిగోడవైపు గాక బయటివైపు, అనగా అదేవైపు చెవిదిక్కునకు త్రిప్పి కొట్టవలయును. వారములకొలది ఓపిక పట్టవలయును. దిబ్బడను క్షణములో విడిపించు చుక్కలు వేరు. అవి ఐదారు దినములకు మించి వాడినచో దిబ్బడను తామే పెంచును. ఒక ప్రక్కనే దుర్గంధముతో చీము కారుచున్నచో పై దవడ పన్నును చూపించుకొనుడు. పుచ్చిన పన్ను వేరునుండి గదిలోనికి చీము ఎక్కుట కలదు.

స్టెరాయిడ్ మాత్రలు మాత్రము వేరుమాట. 2021లో కోవిడ్ రెండవ వెల్లువలో మధుమేహము, అదుపులేని స్టెరాయిడ్ వాడుకయు కలిసి నల్లబూజును ఎట్లు తెచ్చినవో మన నగరము చూచినది. ఆ మే నెలలో కోఠీలోని ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆస్పత్రిని ఆ రోగులకు ముఖ్యస్థానముగ నేర్పరచిరి. చెక్కిలి గదిలో మొదలైన బూజు కంటికిని, మెదడుకును ప్రాకి, కన్ను పోగొట్టుకొన్నవా రెందరో. మధుమేహమున్నవారి ముఖము వాచి, కన్ను వాలి, ముక్కులో నల్లని పెచ్చు కనబడినచో ఒక్క పూటయు జాగు చేయరాదు.

మా పొరుగింటి యామె ఏడాది పాటు ఒక దుకాణమువా డిచ్చిన మాత్రలతోనే గడపినది. తుదకు మేము వెంటబెట్టుకొని వైద్యునికడకు తీసికొనిపోతిమి. దర్శినితో చూడగా రెండువైపులను ద్రాక్షపండ్లవలె కండ పెరిగియున్నది. ఉప్పునీరు, ముక్కుమందు మూడు మాసములు నడచినవి. చాలక శస్త్రమును జరిగినది. వాసన పూర్తిగ రాలేదు. మల్లెపూవు ఇప్పటికిని ఆమెకు తెలియదు. కాని మొన్న నొక ఉదయమున గోడ మీదుగ మమ్ము పిలిచి, ‘మీ యింట ఇంగువ పోపు వేసితిరి గదా వదినా’ అని యడిగినది. మేము వేసినది నిజమే.