ఫోన్ కంటే పలచటి కవచం: 1/72 స్కేల్‌లో ఎం3 హాఫ్‌ట్రాక్ బిల్డ్

మీ చేతిలో ఉన్న ఫోన్ మందం ఎంత? సుమారు 8 మి.మీ. ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికుల్ని మోసిన ఎం3 హాఫ్‌ట్రాక్ పక్క గోడ మందం 6.35 మి.మీ. అంటే పావు అంగుళం ఉక్కు. లోపల డ్రైవర్‌తో కలిపి 13 మంది. పైన కప్పు కూడా లేదు.

ఈసారి మన టేబుల్ మీదకి వచ్చింది ఫోన్ కాదు, హసెగావా వాళ్ల 1/72 ఎం3ఏ1 ప్లాస్టిక్ కిట్. అసలు బండి పొడవు 6.17 మీటర్లు, మోడల్ సుమారు 86 మి.మీ. ఫోన్ స్క్రీన్ మీద పార్క్ చేసినా ఇంకా సగం దాకా ఖాళీ మిగులుతుంది.

హాఫ్‌ట్రాక్ అంటే ఏంటో మా దొర్నిపాడులో చెప్పడం చాలా తేలిక. వరి కోతకి టైర్ మిషన్ వస్తుంది, మడి తడిగా ఉంటే చైన్ మిషన్ పిలవాల్సిందే. ముందు టైర్లు, వెనక చైన్ పెట్టండి, అదే హాఫ్‌ట్రాక్. ఈ ఐడియాని నడిపించినవాడు అడాల్ఫ్ కెగ్రెస్ అనే ఫ్రెంచ్ ఇంజినీర్. రష్యా జార్ రెండో నికొలస్ కార్లు మంచులో తిరగడానికి వెనక రబ్బరు బెల్ట్ తగిలించాడు. అదే సిస్టమ్‌తో 1922-23లో సిట్రొయెన్ బళ్లు సహారా ఎడారి దాటాయి. ఎం3 కూడా ఆ దారిలో వచ్చిందే: 147 హార్స్‌పవర్ ఇంజిన్, సుమారు 9 టన్నుల బరువు, గంటకి 72 కి.మీ. టాప్ స్పీడ్.

దీనికి ఎం5 అని ఒక తమ్ముడున్నాడు. తయారుచేసింది ఇంటర్నేషనల్ హార్వెస్టర్, అంటే ట్రాక్టర్ల కంపెనీ. 1963లో మహీంద్రా మన దేశంలో ట్రాక్టర్లు మొదలుపెట్టింది ఈ కంపెనీతో చేతులు కలిపే. పాతకాలపు బీ-275 మీ తాత చేలో దున్ని ఉంటే, మీకు ఈ బండితో దూరపు చుట్టరికం ఉన్నట్టే!

ఇక బిల్డ్ సంగతి. 6.35ని 72తో భాగిస్తే 0.09 మి.మీ. కూడా రాదు. జిరాక్స్ పేపర్ కంటే పలచన. ప్లాస్టిక్‌ని అంత పలచగా మౌల్డ్ చేయడం కుదరదు. గోడ 0.8 మి.మీ. ఉందనుకుంటే, అసలు బండి లెక్కలో అది సుమారు 58 మి.మీ. కవచం! ట్యాంకుకి ఉండాల్సిన మందం. అందుకే బాక్స్‌లోంచి తీసి అలాగే అతికిస్తే మోడల్ బలిష్ఠంగా, భద్రంగా కనిపిస్తుంది. అసలు బండి అలాంటిది కాదు. దగ్గర్నుంచి మెషిన్ గన్ కొడితే తూటా లోపలికి వచ్చేసేది. గాయపడిన సైనికులకి ఇచ్చే పతకం పేరు మీద సైనికులే దీన్ని ‘పర్పుల్ హార్ట్ బాక్స్’ అని వెక్కిరించారు. నా లెక్కలో ఈ కిట్‌లో అసలు పని ఇదే: గోడల పై అంచుల్ని లోపలి వైపు నుంచి ఏటవాలుగా గీకి, పలచగా కనిపించేలా చేయడం. 400 నంబర్ శాండ్‌పేపర్, కొత్త బ్లేడు, ఒక సాయంత్రం. బయటివైపు తాకొద్దు, బోల్టు తలలు చెరిగిపోతాయి. ఈ బండి ప్లేట్లు బోల్టులతో బిగించినవి కాబట్టి అవి లేకపోతే ఎం3 ఎం3లా ఉండదు.

ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర కాసేపు నిలబడితే ఇదంతా ఎవరూ చెప్పక్కర్లేదు. రాయి ఒకసారి పోతే పోయినట్టే. ఇక్కడా కంట్రోల్-జెడ్ లేదు.

టూల్స్‌కి ఎక్కువ ఖర్చు వద్దు. ఫోన్ రిపేర్ వాళ్లు వాడే సన్నమూతి ట్వీజర్, నిప్పర్ చాలు. ఫెవిక్విక్ మాత్రం పక్కన పెట్టండి, పార్ట్ సర్దుకునే టైమ్ ఇవ్వదు. మోడల్ సిమెంట్ ప్లాస్టిక్‌ని కొంచెం కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. కిటికీలు తెరిచి పని చేయండి. మన ఫోన్లలో ఎవరూ వాడని ఆ 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా ఉంది చూశారా, జాయింట్లు చెక్ చేయడానికి ఎట్టకేలకి పనికొచ్చింది.

మోడలర్లకి మామూలుగా రబ్బరు ట్రాక్‌లంటే పడదు. విడివిడి లింకులే కావాలంటారు. ఎం3కి ఆ గొడవ లేదు, అసలు బండికే ఉక్కు తీగలు పొదిగిన రబ్బరు బెల్ట్. కాకపోతే దానికి కటిక నలుపు వేయకండి, ముదురు బూడిద రంగు వేయండి. బాడీ ఆలివ్ గ్రీన్‌లో కూడా కొంచెం తెలుపు కలపాలి. ఇంత చిన్న సైజులో అసలు రంగు మరీ ముదురుగా కనిపిస్తుంది. మా దగ్గర 40 డిగ్రీలు దాటే ఎండల్లో అక్రిలిక్ రంగు బ్రష్ మీదే ఎండిపోతుంది, అందుకే పొద్దున్నే ఏడు లోపు పెయింటింగ్ ముగించాలి.

చివరికి దుమ్ము. దీనికి డబ్బా పౌడర్ కొనక్కర్లేదు. చేలో నల్లరేగడి గడ్డ ఒకటి బాగా ఎండబెట్టి, దంచి, పలచటి గుడ్డలో జల్లెడ పడితే మెత్తటి పొడి వస్తుంది. మ్యాట్ వార్నిష్ తడి ఆరకముందే చక్రాల మీద, ట్రాక్ మీద చల్లి, ఒక రోజు కదపకుండా వదిలేయండి.