సౌరదీపం ఎందుకు ఆరిపోయింది?

పిల్లలూ! ఎల్లారెడ్డి వైపు, ఊరికి దూరంగా మా పొలంలో ఒక చిన్న ఇల్లుంది. కరెంటు స్తంభాలు అక్కడికి రాలేదు. కొన్నేళ్ళ క్రితం దానికి సౌరవిద్యుత్తు పెట్టించాము. సైన్సు టీచరును కదా, లెక్క నేనే వేశాను. మూడు దీపాలకు 27 వాట్లు, ఫ్యానుకు 75, టీవీకి 40. మొత్తం 142. కనుక 150 వాట్ల సౌరఫలకం చాలుననుకున్నాను.

ఎండాకాలం ఎలాగో గడిచింది. శ్రావణంలో ముసురు పట్టగానే రాత్రి ఎనిమిదింటికే దీపాలు ఆరిపోసాగాయి. ఆ ఇంట్లో ఉండే రైతు కూతురు పదో తరగతి చదువుతోంది. ఒకనాడు ఆమె అడిగింది: "సార్, ఫ్యాను ఎన్ని గంటలు తిరుగుతుందో మీ లెక్కలో వేసిండ్రా?"

వేయలేదు! అదే నా తప్పు.

వాట్లు చెప్పేది విద్యుత్తును ఎంత వేగంగా వాడుతున్నామో మాత్రమే. చెరువు తూము ఎంత వెడల్పో తెలిస్తే చాలదు. ఎంతసేపు తెరిచి ఉంచారో కూడా తెలియాలి. అలాగే వాట్లను గంటలతో గుణించాలి. అప్పుడు వచ్చేవి వాట్-గంటలు. అవి 1000 అయితే మీ ఇంటి మీటరులో ఒక యూనిట్.

ఇప్పుడు లెక్క మళ్ళీ వేద్దాం.

దీపాలు: 27 వాట్లు × 5 గంటలు = 135
ఫ్యాను: 75 వాట్లు × 8 గంటలు = 600
టీవీ: 40 వాట్లు × 3 గంటలు = 120
రెండు ఫోన్ల చార్జింగు: సుమారు 40
మొత్తం: 895 వాట్-గంటలు

ఇంతటితో అయిపోలేదు. బ్యాటరీలో, తీగలలో, ఇన్వర్టరులో కొంత విద్యుత్తు వేడిగా మారి పోతుంది. నూటికి 30 వంతులు పోతాయనుకుంటే, 895ను 0.7తో భాగించాలి. సుమారు 1280 వస్తుంది. ఫలకం రోజూ ఇవ్వవలసింది ఇది.

మరి ఫలకం ఎంత ఇస్తుంది? దాని మీద రాసి ఉన్న వాట్లు నిండు ఎండలో ఇచ్చేవి. ఉదయం, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతుంది కనుక అంత రాదు. మన ప్రాంతంలో పగలంతా కాసే ఎండ సుమారు 5 గంటల నిండు ఎండతో సమానం. వానాకాలానికి 4 గంటలే అనుకుందాం. 1280ని 4తో భాగిస్తే 320 వాట్లు. నేను కొన్నది అందులో సగం కూడా లేదు!

పెద్ద ఫలకం కొనాలా? ఆగండి. పట్టికను మరోసారి చూడండి. అన్నిటికంటే ఎక్కువ తాగేది ఫ్యాను. దాని స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే 600 కాస్తా 240 అవుతుంది. మొత్తం 535కు దిగుతుంది. నష్టాలు కలిపి లెక్కిస్తే 200 వాట్ల ఫలకం సరిపోతుంది.

2017లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన సౌభాగ్య పథకంలో, తీగలు చేరని మారుమూల ఇళ్ళకు నిర్ణయించిన ఫలకాలూ 200 నుంచి 300 వాట్లవే. వాటితో ఐదు ఎల్‌ఈడీ దీపాలు, ఒక డీసీ ఫ్యాను.

ఇక బ్యాటరీ. వానలు నాలుగు నెలలే అయినా, మంజీర నీటిని నిజాంసాగర్ దాచి ఉంచుతుంది కదా! బ్యాటరీ పని కూడా అదే. రెండు రోజులు ఎండ లేకపోయినా గడవాలంటే 1070 వాట్-గంటలు దాచాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. కనుక 2140 కావాలి. 12 వోల్టులతో భాగిస్తే సుమారు 180 ఆంపియర్-గంటలు.

మేము ఫ్యాను మార్చాము, 50 వాట్ల ఫలకం ఒకటి చేర్చాము, తగిన బ్యాటరీ పెట్టాము. ఫలకాలను దక్షిణం వైపు, మన అక్షాంశానికి తగినట్లు సుమారు 18 డిగ్రీలు వాల్చాము. ఆ తరువాత ముసురు పట్టినా ఆ అమ్మాయి చదువు ఆగలేదు.

మీరూ ఈ రాత్రి మీ ఇంట్లోని వస్తువుల వాట్లు, వాడే గంటలు రాసి గుణించండి. ఎక్కువ తాగేది ఏదో కనిపెట్టండి. మరునాడు మీటరు చూసి మీ లెక్కతో పోల్చండి. తేడా వస్తే ఏ వస్తువును మరిచారో వెతకండి!